పై ఇంట్లో మొన్నటి వాతావరణం

ఆ రోజు చేయవలసిన పని ఒక్కటేనని పొద్దున్నే కాఫీ తాగుతూ ఐనార్ మోల్‌గోర్ తేల్చుకున్నాడు. ముందు గదిలో ఉన్న సీరియల్‌ను పడకగదిలో ఉన్న భార్యకు చేర్చాలి. ఉద్యోగంలో ఉన్నంతకాలం కట్టెగాట్ సముద్రం మీద కార్లనూ, లారీలనూ, వాంతులు చేసుకునే ప్రయాణికులనూ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చిన మనిషి. ఒక బొమ్మను గోడ దాటించడం అతనికి కాఫీ చల్లారేలోపు ముగిసిపోయే పనిలా తోచింది.

అతని భార్య గున్వర్ ఈస్టర్ సెలవుల తర్వాత సైకిలు మీంచి పడి చీలమండ విరగ్గొట్టుకుంది. కాలు ఎత్తులో పెట్టుకుని పడుకోవాలని, ముందు గది సోఫా దాకా కూడా నడవకూడదని ఆస్పత్రిలో చెప్పారు. అన్నిటికీ సర్దుకుంది కానీ ఆదివారం సాయంత్రం సర్దుకోలేకపోయింది. ఆ వేళ దీవిలో ఒంటరిగా ఉండే డాక్టరు సీరియల్ వస్తుంది. పెళ్లయినప్పటి నుంచీ ఆదివారం సీరియల్ ఏదైనా ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని చూడడం అలవాటు. పోయిన ఆదివారం ఐనార్ తలుపులన్నీ తెరిచిపెట్టి, ఒక్కడే చూస్తూ, కథను పడకగదిలోకి కేకలేసి చెప్పాడు.

"డాక్టరు లోపలికొచ్చాడు. ఏదో చూశాడు."

"ఏం చూశాడు?"

"ఏమో, కెమెరా అటు తిప్పలేదు. ఇప్పుడు ఏడుస్తున్నాడు."

"ఎందుకు?"

"చూసినందుకేమో."

సీరియల్ అయిపోయాక గున్వర్, "వచ్చేవారం నువ్వు చెప్పొద్దు, నేనే చూస్తాను" అంది. ఆ మాట కోపంగా అని ఉంటే ఐనార్ పట్టించుకునేవాడు కాదు. నీరసంగా అంది. మర్నాడే వెళ్లి పడకగదికి చిన్న టీవీ ఒకటి కొనుక్కొచ్చాడు.

ముందు గదిలో టీవీ కింద రికార్డింగు పెట్టె ఒకటి ఉంది. వార్తలు, వాతావరణం, హ్యాండ్‌బాల్ ఆటలు, సీరియల్ అన్నీ అందులో భద్రంగా చేరేవి. ఓడ ఎక్కే మనిషి రేవుకు ముందే చేరాలన్న పద్ధతి ఐనార్‌ది కాబట్టి, ప్రతి కార్యక్రమమూ అసలు సమయానికి ముందే రికార్డయ్యేలా పెట్టేవాడు. అందుకే అతని దగ్గర వార్తలన్నీ కుక్కల పెంపకం మీద వచ్చే కార్యక్రమపు తోకతో మొదలయ్యేవి. ఇక చేయవలసిందల్లా ట్యాబ్లెట్‌లో కావలసినదాన్ని ఎంచుకుని, ఏ టీవీకి పంపాలో దాని పేరు నొక్కడమే. మిగతాది ఇంట్లో వైఫై చూసుకుంటుంది.

టీవీల పేర్లు వెతికితే, కొత్తగా కొన్న టీవీ పేరు ఒకదాని కింద ఒకటి రెండుసార్లు కనబడింది. యంత్రం ఒకే మాట రెండుసార్లు చెబుతోందని ఐనార్ అనుకున్నాడు. కింది పేరు నొక్కాడు. ఏమీ రాలేదు. చూస్తే ఇంతలోనే టీవీ తీగ గోడలోంచి ఊడిపోయింది. తీగ పెట్టి వచ్చి, కింది పేరు పనికిరాదని అప్పటికే రుజువైందన్న నమ్మకంతో ఈసారి పై పేరు నొక్కాడు.

"వచ్చిందా?" అని ముందు గదిలోంచి అరిచాడు.

"ఏం రావాలి?"

"బొమ్మ."

"నల్లగా ఉంది. నా మొహమే కనిపిస్తోంది."

"ప్లే అవుతోందని ట్యాబ్లెట్ చెప్తోందే."

"అయితే దాన్నే వచ్చి ఇక్కడ పడుకోమను. అదే చూసుకుంటుంది."

ట్యాబ్లెట్ అబద్ధం చెప్పలేదు. బొమ్మ నిజంగానే వస్తోంది. కాకపోతే పడకగదిలో కాదు, సరిగ్గా వాళ్ల నెత్తిమీద, పై అంతస్తులో ఉండే ఎలినోర్ బాగ్గర్ ముందు గదిలో. చలికాలంలో బిల్డింగ్ సంఘం వాళ్లు పాత తీగలు పీకించి అన్ని ఇళ్లకూ కలిపి కొత్త ఇంటర్నెట్ పెట్టించారు. ఇంటికీ ఇంటికీ మధ్య ఉండవలసిన అడ్డు పెట్టడం ఎవరో మర్చిపోయారు. ఎలినోర్‌కు క్రిస్మస్‌కి కూతురు కొనిచ్చిన టీవీ, ఐనార్ ఇప్పుడు కొన్న టీవీ ఒకే కంపెనీవి, ఒకే రకం. పై పేరు ఎలినోర్‌ది. కింది పేరు గున్వర్‌ది. ఇది వాళ్లలో ఎవరికీ తెలియదు.

బొమ్మ రాకపోతే కనీసం శబ్దమైనా వస్తుందేమోనని ఐనార్ శబ్దాన్ని చివరికంటా పెంచాడు. పడకగది టీవీ కిక్కురుమనలేదు. పైకప్పు మాత్రం దడదడలాడింది.

గున్వర్ పైకి చూసి, "ఎలినోర్‌కి చెవుడు వస్తున్నట్టుంది పాపం" అంది.

"ఇంత పొద్దున్నే ఇదేం గోల" అన్నాడు ఐనార్. నడుస్తున్న యంత్రాన్ని వదిలి పోయే మనిషి కాదు కాబట్టి ట్యాబ్లెట్‌లో అంతా ఆపేసి, మర్యాదగా రెండు మాటలు చెప్పి వద్దామని మేడమెట్లెక్కాడు.

ఎలినోర్ తలుపు తీసేసరికి ఆవిడ చేతిలో రిమోట్ ఉంది. వెనకాల టీవీ నల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఆవిడకు ఎనభై దాటాయి. మనిషి నిటారుగా ఉంటుంది.

"శబ్దం కొంచెం ఎక్కువైంది, ఎలినోర్ గారూ. గున్వర్ పడుకుని ఉంది కదా."

"నేను పెట్టలేదు నాయనా. అదే వెలిగింది, అదే అరిచింది, నువ్వు మెట్లెక్కుతుంటే అదే ఆరిపోయింది."

"రిమోట్ మీద కూర్చుని ఉంటారు."

"నలభై ఏళ్లు ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పాను. దేని మీద కూర్చున్నానో నాకు తెలుసు." అంతలోనే గొంతు తగ్గించింది. "మా అమ్మాయి సిద్సెల్‌కి మాత్రం చెప్పకు. అసలే నా గురించి కంగారు పడుతోంది."

చెప్పనని ఐనార్ మాటిచ్చాడు.

ఆ వారమంతా అతను పట్టు వదల్లేదు. తప్పు టీవీదేనని దుకాణానికి తీసుకెళ్లి, మార్చి, అదే రకంది ఇంకొకటి తెచ్చాడు. రోజూ పొద్దున ఏదో ఒకటి పంపి చూసేవాడు, రాకపోతే సగంలో ఆపేసేవాడు. చూస్తానన్నా గున్వర్‌ను ట్యాబ్లెట్ ముట్టుకోనిచ్చేవాడు కాదు, పెట్టినవి చెదిరిపోతాయని. పై ఇంట్లో ఎలినోర్ అల్లిక చేసుకుంటూ ఉండగా టీవీ తనంతట తను వెలిగేది. కుక్కలు కనిపించేవి, తర్వాత వార్తలు, తర్వాత వాతావరణం. రెండు రోజులు డాక్టరు సీరియల్ సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఒకనాడు రాత్రికి మంచు పడుతుందని, మొక్కలు జాగ్రత్త అని అందులో హెచ్చరించారు. అది అంతకుముందెప్పుడో వచ్చిన హెచ్చరిక. ఎలినోర్ బాల్కనీలో పూలకుండీలన్నీ ఒక్కొక్కటే లోపలికి మోసి, మర్నాడు ఉన్ని కోటు, ఉన్ని టోపీ, బూట్లు వేసుకుని బేకరీకి వెళ్లింది. ఆర్హుస్ ఊరంతా పొట్టిచేతుల చొక్కాలతో, ఐస్‌క్రీములతో తిరుగుతున్న రోజది. ఇంకోనాడు హ్యాండ్‌బాల్‌లో మనవాళ్లు నార్వేను ఓడించారని బేకరీ అమ్మాయిని మనసారా అభినందించింది. ఆ ఆట అయి చాలా రోజులైందని ఆ పిల్ల నెమ్మదిగా చెప్పింది. వెనక వరసలో నిలబడ్డవాళ్లు రొట్టెల వంక చూశారు.

ఇదంతా ఐనార్ చెవిన పడింది. శుక్రవారం అరటిపండు కేకు ఒక ముక్క పట్టుకుని ఎలినోర్‌ను చూడ్డానికి వెళ్లాడు. ముందు గదిలో నడవడానికి దారి లేదు, అంతా పూలకుండీలే. టీవీ మీద తెల్లటి బల్లగుడ్డ ఒకటి కప్పి ఉంది.

"ఇది ఎందుకు కప్పారు?"

"వెలిగినా కనిపించకుండా" అంది ఆవిడ. కాఫీ పోసి, కేకు ముట్టుకోకుండా కూర్చుంది. కాసేపయ్యాక అడిగింది. "ఐనార్, ఓడ మీద ఉన్నప్పుడు ఎప్పుడైనా లేనిది కనిపించిందా నీకు?"

"పొగమంచులో కనిపించేది. లేని ఒడ్డు ఉన్నట్టే ఉండేది. అందరం చూసేవాళ్లం."

"అందరికీ కనిపిస్తే భయమేముంది? నాకొక్కదానికే కనిపిస్తోంది."

ఐనార్ కాఫీ కప్పు కింద పెట్టాడు. టీవీలు వాటంతట అవి వెలగవని ఎంతో మృదువుగా వివరించాడు. తనే ఒక కొత్త టీవీతో వారం నుంచి తంటాలు పడుతున్నానని, చెప్పి పంపినా వెలగడం లేదని, చెప్పకుండా వెలిగేది ఎక్కడా ఉండదని కూడా అన్నాడు. ఎలినోర్ తల ఊపింది. ఆవిడ ఎదురు చెప్పకపోవడం చూసి అతనికి ఎక్కువ దిగులేసింది.

కిందికి వస్తే పెరట్లో సిద్సెల్ సైకిలుకు తాళం వేస్తోంది. ఎలినోర్ ఒక్కగానొక్క కూతురు. ఊరి చివర పళ్ల డాక్టరుగా పనిచేస్తుంది. మొదట వాతావరణం బాగుందన్నాడు ఐనార్. తర్వాత సైకిలు బాగుందన్నాడు. ఆమె మెట్లెక్కబోతుంటే ఇక ఉండబట్టలేక, "నీ మంచికే చెప్తున్నానమ్మా, అమ్మగారి మంచికీ" అని మొదలుపెట్టి, టీవీ, కోటు, టోపీ, బల్లగుడ్డ, తన కొత్త టీవీ తంటాలతో సహా అంతా చెప్పేశాడు.

సిద్సెల్ హెల్మెట్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. "నాతో ఒక్క ముక్క చెప్పలేదు. రోజూ ఫోన్ చేస్తున్నాను, అంతా బాగుందనే అంటోంది" అంది.

"నిన్ను కంగారు పెట్టకూడదని."

"ఒంటరిగా ఉంచకూడదంటారా?"

ఐనార్ అలా అనలేదు. కాదని కూడా అనలేదు. సిద్సెల్ ఆ రోజే మునిసిపాలిటీకి ఫోన్ చేసింది. వయసు మళ్లినవాళ్లు ఇంట్లో ఒంటరిగా ఉండగలరో లేదో చూసి చెప్పే యొహాన్నె అనే ఆవిడ సోమవారం పొద్దున వస్తానంది. ఎలినోర్‌ను రోజూ చూసే మనిషి ఎవరైనా ఆ వేళకు ఉంటే మంచిదని కూడా అంది. "మీరు రావాలి, ఐనార్ గారూ" అని సిద్సెల్ అడిగితే కాదనలేకపోయాడు. ఆ ఆదివారం గున్వర్ సీరియల్ పెట్టమని అడగలేదు. అతనూ కేకలేసి చెప్పలేదు.

సోమవారం ఎలినోర్ బల్లగుడ్డ తీసేసి, ఇస్త్రీ చేసిన నీలం గౌను వేసుకుని, వెన్న బిస్కెట్లు పెట్టింది. పూలకుండీలు బాల్కనీలోకి తిరిగి వెళ్లిపోయాయి. యొహాన్నె బూట్లు గుమ్మం దగ్గర విడిచి, మేజోళ్లతో వచ్చి కూర్చుంది. మెత్తటి గొంతు, తొందర లేని మనిషి. వంట ఎవరు చేస్తారు, మందులు ఎవరు చూసుకుంటారు, మెట్లు ఎక్కడం కష్టమా అని ఒక్కొక్కటే అడిగింది. ఎలినోర్ ఈత పరీక్షకు నిలబడ్డ పిల్లలా ప్రతిదానికీ సూటిగా జవాబిచ్చింది. చేతులు మాత్రం ఒడిలో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"టీవీ చూస్తారా?" అంది యొహాన్నె.

"మానేశాను" అంది ఎలినోర్.

సరిగ్గా అప్పుడు కింది ఇంట్లో గున్వర్‌కు విసుగెత్తింది. ఐనార్ హడావుడిలో ట్యాబ్లెట్ మంచం మీద మర్చిపోయి వెళ్లాడు. ఇన్నాళ్లూ అతను నొక్కుతుంటే చూసింది కాబట్టి, అతను నొక్కినట్టే ఏదో ఒక వార్తల రికార్డింగు మీద, ఆ తర్వాత పై పేరు మీద నొక్కింది.

ఎలినోర్ ముందు గదిలో టీవీ వెలిగింది. తెర మీద ఒక పెద్ద కుక్క స్నానం చేస్తోంది.

ఎలినోర్ టీవీ వంక చూడనే లేదు. ముందు కూతురి మొహం చూసింది, తర్వాత యొహాన్నె మొహం, తర్వాత ఐనార్ మొహం.

"మీకూ కనిపిస్తోందా?" అని చాలా నెమ్మదిగా అడిగింది.

"కనిపిస్తోంది" అంది యొహాన్నె. "కుక్క."

ఎలినోర్ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. ఆ వారంలో ఆవిడ అంత హాయిగా ఊపిరి తీసింది అదే మొదటిసారి.

ఐనార్ మాత్రం కుర్చీలోంచి లేచాడు. కుక్క వెళ్లిపోయి వార్తల గుర్తు వచ్చింది. కుక్కల తోకతో మొదలయ్యే వార్తలు ఈ దేశంలో ఒక్కడి దగ్గరే ఉంటాయి. "ఇది మాది" అన్నాడు. "ఇది మా గున్వర్."

యొహాన్నె తెర మీది వార్తలు చదివే అమ్మాయిని చూసింది. "ఈవిడ మీ భార్యా?"

"కాదు. మా ఆవిడ లోపల... అంటే దీని లోపల కాదు. కింద మంచం మీద ఉంది, కాలు విరిగింది. అక్కణ్నుంచి చేస్తోంది."

శబ్దం ఒక్కసారిగా పెరిగింది. "అదిగో, ఇప్పుడు పెంచింది. వినిపించడం లేదనుకుంటోంది."

యొహాన్నె తన కుర్చీని ఐనార్ వైపు కొంచెం జరిపింది. ఇందాకటి నుంచీ ఎలినోర్‌తో మాట్లాడుతున్న ఆ మెత్తటి గొంతు ఇప్పుడు అతని వైపు తిరిగింది.

"కూర్చోండి, ఐనార్ గారూ. ఏం కంగారు లేదు. మీ ఆవిడ మీతో ఇలా మాట్లాడడం తరచూ జరుగుతుందా?"

"మాట్లాడడం లేదండీ, పంపుతోంది."

"సరే. ఈరోజు ఏ వారమో చెప్పగలరా?"

తెర మీది అమ్మాయి శుభసాయంత్రం చెప్పి, ఈరోజు బుధవారం అంది.

"బుధవారం" అన్నాడు ఐనార్.

"సోమవారం" అంది ఎలినోర్ కళ్లు తెరవకుండానే. "అతన్నేమీ అనకండి. పెళ్లాం కాలు విరిగిన దగ్గర్నుంచీ మనిషి మనిషిలో లేడు."

సిద్సెల్ మాత్రం ఐనార్‌ను ఆపాదమస్తకం చూస్తోంది. పెరట్లో అతను చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టుంది. "మీ కొత్త టీవీ ఏ కంపెనీది?" అని అడిగింది. అతను చెప్పాడు. ఆమె లేచి వెళ్లి తల్లి టీవీ అడుగు అంచు మీద వేలు పెట్టి చూపించింది. అక్కడ అదే పేరు ఉంది.

ఐనార్ గున్వర్‌కు ఫోన్ చేశాడు. "ఆపు."

"ఏం ఆపను? ఏమీ రావడం లేదుగా."

"నీకు రావడం లేదు. ఆపు."

వార్తలు చదివే అమ్మాయి నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది.

"ఇప్పుడు పెట్టు."

అమ్మాయి వాక్యం పూర్తి చేసింది. యొహాన్నె చెయ్యి చాచి ఫోన్ అడిగి తీసుకుని, తనే రెండుసార్లు ఆపించి, రెండుసార్లు పెట్టించింది. ఉద్యోగంలో అంత సంతోషం ఆవిడకు ఎప్పుడోగాని దొరకదేమో, మూడోసారి కూడా ఆపించింది. తర్వాత ఎలినోర్ ఇల్లు చక్కగా ఉందని, బిస్కెట్లు ఇంకా చక్కగా ఉన్నాయని, తను మళ్లీ రావలసిన పని కనిపించడం లేదని చెప్పింది. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ, జ్ఞాపకశక్తి గురించిన కరపత్రం ఒకటి ఐనార్ చేతిలో పెట్టింది, ఎందుకైనా మంచిదని.

తలుపు మూసుకున్నాక ఆ గదిలో నవ్వేవాళ్లు లేరు.

"అమ్మా, నేను..." అంది సిద్సెల్.

"నువ్వు భయపడ్డావు. నేనూ భయపడ్డాను. నీకు భయం వేస్తే మునిసిపాలిటీకి ఫోన్ చేశావు. నాకు భయం వేస్తే బల్లగుడ్డ కప్పాను." ఎలినోర్ కూతురి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఒక్క పొద్దున వచ్చి నా పక్కన ఇలా కూర్చుని ఉంటే నువ్వూ చూసేదానివి. అంతే."

సిద్సెల్ తల్లి భుజం మీద తల పెట్టి చాలాసేపు తియ్యలేదు. ఐనార్ కిటికీలోంచి పూలకుండీలను చూస్తూ నిలబడ్డాడు. వెళ్లిపోవాలని ఉంది, వెళ్లడానికి మొహం చెల్లడం లేదు.

"చెప్పొద్దన్నాను నీకు" అంది ఎలినోర్ అతని వైపు తిరిగి.

"అవును."

"చెప్పావు."

"చెప్పాను. పైగా టీవీలు వాటంతట అవి వెలగవని మీకే పాఠం చెప్పాను."

"బాగా చెప్పావు, నేను నమ్మాను కూడా." ఆవిడ కాసేపు అతన్ని అలాగే నిలబెట్టి, ఆపైన అంది. "ఆ దీవిలో డాక్టరు ఏం చూసి ఏడ్చాడు? రెండుసార్లు పెట్టావు, రెండుసార్లూ అక్కడే ఆపేశావు. అది తేలేదాకా నువ్వు ఇక్కణ్నుంచి కదలవు."

ఐనార్ మళ్లీ గున్వర్‌కు ఫోన్ చేసి, సీరియల్ ముందటి వారం భాగమూ నిన్నటి భాగమూ వరసగా పెట్టమని, ఈసారి చివరిదాకా ఆపొద్దని చెప్పాడు. పైన ముగ్గురూ చూశారు. డాక్టరు చూసింది తన సొంత మఫ్లర్‌ను, వేరే మనిషి మెడలో. ఫోన్ అవతల గున్వర్ ఏం జరుగుతోందని అడిగినప్పుడల్లా ఎలినోరే చెప్పింది. ఐనార్ కంటే చాలా బాగా చెప్పిందని, మొదటిసారి కథ అర్థమైందని గున్వర్ తర్వాత అంది.

బిల్డింగ్ సంఘం వాళ్లు ఆ వారంలోనే మనిషిని పిలిపించి ఇంటికీ ఇంటికీ మధ్య అడ్డు పెట్టించారు. ఇప్పుడు ఐనార్ ట్యాబ్లెట్‌లో టీవీ పేరు ఒకే ఒక్కసారి కనిపిస్తుంది. ఆ మర్నాడే ఆస్పత్రి వాళ్లు గున్వర్ కాలికి తేలికపాటి కట్టు వేసి, సోఫా దాకా నడవొచ్చన్నారు. ఆదివారం సాయంత్రం ఎలినోర్ మేడ దిగి వస్తుంది, సిద్సెల్ వేడివేడి దాల్చినచెక్క రొట్టెలు తెస్తుంది, నలుగురూ ముందు గదిలో సర్దుకుని కూర్చుంటారు. ఐనార్‌కు సోఫాలో చోటు చాలక వంటింటి కుర్చీ తెచ్చుకుంటాడు. పడకగదిలో టీవీ ఇప్పుడు నొక్కీ నొక్కకముందే వెలుగుతుంది, నొక్కేవాళ్లే లేరు.